ఎం416 సైనిక ట్రైలరు: మరమ్మతు, విడిభాగాల వేట, ఏడాది వాడకం తర్వాత సమీక్ష

అమెరికా సైన్యం వాడి వదిలేసిన ఎం416 రకం పావు టన్ను ట్రైలరు ఒకదాన్ని రెండున్నరేళ్ల కిందట ఒహాయో రాష్ట్రంలో సైనిక మిగులు సామగ్రి అమ్మే ఒక యార్డులో 900 డాలర్లకు కొన్నాను. మిషిగన్‌లో మా ఇంటి గరాజులో పద్నాలుగు నెలలపాటు దానికి మరమ్మతు చేసి, ఆ తర్వాత ఏడాదికి పైగా కట్టెలు, తోట మట్టి, గుడారాలు, చిన్న పడవ సామాను దాని మీదే మోస్తున్నాను. ఈ సమీక్ష ఆ ట్రైలరు గురించీ, దానికి విడిభాగాలు అమ్మేవారి పనితీరు గురించీ రాస్తున్నాను. అమెరికాలో ఉంటూ జీపో పికప్పో నడిపే తెలుగువారిలో ఇలాంటి బండి కొందామని నన్ను అడిగినవారు ఐదారుగురు ఉన్నారు. వారికి ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

మొదట నా తీర్పు చెప్పి, కారణాలు తర్వాత వివరిస్తాను. ఇచ్చిన డబ్బుకు ఎం416 చాలా గట్టి వస్తువు, మళ్లీ కొనమన్నా కొంటాను. అయితే కొనేవారు సాధారణంగా బేరింగులు దొరుకుతాయా, బల్బులు దొరుకుతాయా, టైర్లు దొరుకుతాయా అని భయపడతారు. అవన్నీ దొరుకుతాయి, చవకగానే దొరుకుతాయి, ఎందుకంటే సైన్యం వాటిని బయటి పరిశ్రమ అప్పటికే తయారు చేస్తున్న కొలతల్లో ఎంచుకుంది. దొరకనివి ఈ ట్రైలరు కోసమే అచ్చుల్లో ఒత్తిన రేకు భాగాలు, అంటే తొట్టి, దాని అడుగు, చక్రాల మీది రేకులు. కాబట్టి బేరం చేసేటప్పుడు కళ్లన్నీ రేకు మీదే ఉండాలి. నేను ఆ ఒక్క విషయంలోనే పొరపాటు పడ్డాను, ఆ పొరపాటుకు ఆరు వారాంతాలు వెల్డింగ్ పని చేయవలసి వచ్చింది.

ఈ ట్రైలరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే విడిభాగాల సంగతి సగం అర్థమవుతుంది. 1940 సెప్టెంబరులో మొదటి జీపు నమూనాను సైన్యానికి అప్పగించిన సంస్థ పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణంలో ఉన్న అమెరికన్ బాంటమ్ కార్ కంపెనీ. జీపులను లక్షల్లో తయారుచేసే ఒప్పందాలు విల్లీస్, ఫోర్డ్ సంస్థలకు వెళ్లిపోగా, బాంటమ్ ఆ జీపుల వెనుక కట్టే పావు టన్ను ట్రైలర్లు తయారుచేసే పనిలో పడింది. నీళ్లు చొరబడని రేకు తొట్టి, రెండు చక్రాలు, ముందు ఒక ఇనుప కడియం అన్న రూపం అప్పుడు కుదిరిందే. ఆ తర్వాత ఎం38 జీపు కాలానికి ఎం100, 1960ల్లో ఫోర్డ్ రూపొందించిన ఎం151 వాహనానికి ఎం416 వచ్చాయి. 1980ల మధ్యలో హమ్వీ అనే పెద్ద సైనిక వాహనం వచ్చి ఎం151 స్థానాన్ని తీసుకోవడంతో ఎం416కు లాగే బండి లేకుండా పోయింది. ఎం151 మలుపుల్లో బోల్తా పడుతుందన్న కారణంతో సైన్యం వాటిని ప్రజలకు అమ్మడానికి ఇష్టపడక ఎన్నింటినో ముక్కలుగా కోయించింది. ట్రైలర్లకు ఆ గతి పట్టలేదు. అందుకే లాగిన బండి అరుదైపోయినా, లాగించుకున్న ట్రైలరు ఇప్పటికీ పల్లెల్లో పశువుల కొట్టాల పక్కన కనిపిస్తూనే ఉంటుంది.

నిర్మాణం చూస్తే, మా తెనాలి వైపు ట్రాక్టరు వెనుక కట్టే ట్రక్కుకు ఇది చిన్న తమ్ముడిలా ఉంటుంది, కానీ పలకలు విడివిడిగా తెరుచుకోవు. తొట్టి మొత్తం ఒకే పెట్టె. వెనుక తలుపు లేదు. ఖాళీగా సుమారు 580 పౌండ్లు, అంటే 260 కిలోల పైచిలుకు తూగుతుంది. రోడ్డులేని చోట మోయవలసిన బరువు 500 పౌండ్లుగా నిర్ణయించారు. తలుపు ఎందుకు లేదంటే, వాగు దాటేటప్పుడు ఇది నీటి మీద తేలాలి. తొట్టి అడుగున నీరు వదిలే ప్లగ్గులు ఉంటాయి. వాటిని బిగిస్తే పడవ, విప్పితే ట్రైలరు. తొట్టిని ఫ్రేముకు బోల్టులతో బిగించారు కాబట్టి ఇద్దరు మనుషులుంటే విడదీయవచ్చు, మరమ్మతు చేసేవారికి ఇది పెద్ద వరం. కింద కమాను కట్టలు, గొట్టపు ఇరుసు, ముందు మడిచే ఊతకాలు, నిలిపి ఉంచడానికి చేతి బ్రేకు ఉంటాయి. పరుగులో ఉండగా పనిచేసే బ్రేకులు ఎం416కు లేవు. తర్వాత వచ్చిన ఎం416ఎ1లో లాగే బండి వేగం తగ్గినప్పుడు వాటంతట అవే పట్టే సర్జ్ బ్రేకులు పెట్టారు.

కొనే దారులు రెండు. సైన్యం వదిలేసిన వస్తువుల పంపకాన్ని డిఫెన్స్ లాజిస్టిక్స్ ఏజెన్సీలోని డిస్పొజిషన్ సర్వీసెస్ విభాగం చూస్తుంది. దాని ప్రధాన కార్యాలయం మా రాష్ట్రంలోనే బ్యాటిల్ క్రీక్‌లో ఉంది. అక్కడి సరుకు ఆన్‌లైన్ వేలంలోకి వస్తుంది, గెలిచినవారు చెప్పిన గడువులోగా సైనిక స్థావరానికి గాని యార్డుకు గాని వెళ్లి తెచ్చుకోవాలి. ఎం416 సైన్యం నుంచి పోయి చాలా కాలమైంది కాబట్టి నేరుగా వేలంలో కనిపించేవి ఎక్కువగా పెద్ద ట్రైలర్లే. ఎం416 కావాలంటే రెండో చేతి, మూడో చేతి అమ్మకందారులే దిక్కు. అప్పుడు కాగితాలు ముఖ్యం. ప్రభుత్వం మొదటిసారి అమ్మినప్పుడు ఇచ్చే ఎస్‌ఎఫ్ 97 అనే ధ్రువపత్రం ఉంటే ఏ రాష్ట్రంలోనైనా రిజిస్ట్రేషను సులువవుతుంది. నాకు ఆ పత్రం దొరకలేదు, అమ్మకపు రసీదు మాత్రమే ఇచ్చారు. మిషిగన్‌లో 2,500 పౌండ్ల లోపు ట్రైలరుకు టైటిల్ (యాజమాన్య పత్రం) అక్కర్లేదు, నంబరు ప్లేటు ఒకసారి తీసుకుంటే ఏటా మార్చనవసరం లేదు కాబట్టి నాకు ఇబ్బంది కాలేదు. మీ రాష్ట్రంలో నియమం వేరుగా ఉండవచ్చు, డబ్బు చేతులు మారక ముందే కనుక్కోండి. తొట్టి ముందు భాగంలో రివెట్లతో బిగించిన తయారీ పలక ఉందో లేదో కూడా చూడండి. వరుస సంఖ్య దాని మీదే ఉంటుంది, అది ఊడిపోయిన బండికి కాగితాలు పుట్టించడం కష్టం.

ఇక నా పొరపాటు. యార్డువారి ప్రకటనలో తొట్టికి తుప్పు లేదని రాసి ఉంది. నేను వెళ్లినప్పుడు అది కొత్తగా వేసిన ఆకుపచ్చ రంగులో మెరుస్తూ ఉంది, లోపల అడుగున కూడా రంగు సమంగా ఉంది. ఇంటికి తెచ్చిన మూడో రోజు వీడియో కాల్‌లో మా మేనమామగారికి చూపించాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లపాటు లారీ బాడీలు కట్టారు. ఫోనులో రంగు చూసి ఆయన ఒక్క మాట కూడా మెచ్చుకోలేదు. "అల్లుడూ, చిన్న సుత్తి తీసుకుని అడుగంతా కొట్టుకుంటూ పో. ఖంగుమంటే రేకు, మొద్దుగా వినపడితే పుట్టీ" అన్నారు. అడుగు అడ్డపట్టీల మీద కూర్చునే మూడు వరుసల పొడవునా మొద్దుగానే వినిపించింది. గీకితే రంగు కింద పుట్టీ, పుట్టీ కింద ఫైబర్ గుడ్డ, దాని కింద పెచ్చులు పెచ్చులుగా ఊడే తుప్పు. ఆ యార్డుకు ఫోను చేస్తే ఉన్నది ఉన్నట్టుగా అమ్మామని చెప్పి ముగించారు. కాగితం మీద వారిది న్యాయమే కావచ్చు, తుప్పు లేదని రాసి పుట్టీ కింద దాచడం మాత్రం న్యాయం కాదు. అందుకే చెబుతున్నాను, ట్రైలరు చూడటానికి వెళ్లేవారు సుత్తి, టార్చిలైటు, ఒక అయస్కాంతం పట్టుకెళ్లండి. పుట్టీ మీద అయస్కాంతం పట్టదు. కిందికి దూరి అడ్డపట్టీలకూ అడుగు రేకుకూ మధ్య సందులో చూడండి. నీరు నిలిచేది అక్కడే. కొత్త రంగు ఉన్న బండి కంటే పాత రంగు పెచ్చులూడుతున్న బండి నిజాయితీగా కనిపిస్తుంది, దాని ధరా తక్కువే ఉంటుంది.

రంగు గీకే ముందు ఒక హెచ్చరిక. 1980ల నుంచి అమెరికా సైన్యం తన వాహనాలకు రసాయనిక ఆయుధాల విషాన్ని పీల్చుకోని ప్రత్యేకమైన పూత వేస్తోంది; దాన్ని కార్క్ అంటారు. వేసేటప్పుడు అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఆరిన పూతను పొడిగా గీకితే వచ్చే ధూళి కూడా పీల్చదగినది కాదు. దాని కింది పాత పొరల్లో సీసం, క్రోమేటు ఉండే అవకాశం ఉంది. నా ట్రైలరు మీద నాలుగు రకాల ఆకుపచ్చలు, ఒక మట్టిరంగు పొర కనిపించాయి, అంటే అది ఎన్ని చేతులు మారిందో ఆ పొరలే చెబుతున్నాయి. నేను రసాయనిక ద్రావణం పూసి తడిగా ఊడదీశాను, ముఖానికి తగిన మాస్కు వేసుకున్నాను, పిల్లలను గరాజులోకి రానివ్వలేదు. ఫ్రేమును మాత్రం బయట శాండ్‌బ్లాస్టింగ్ చేసేవారికి ఇచ్చాను. తర్వాత రెండు పూతలు ఎపాక్సీ ప్రైమరు వేసి, 24087 సంఖ్య గల ఆలివ్ రంగు వేశాను. ఈ సంఖ్యల పద్ధతి తెలుసుకోవడం మంచిది: మొదటి అంకె 1 అయితే నిగనిగ, 2 అయితే కొద్దిపాటి మెరుపు, 3 అయితే మెరుపు లేని రంగు. 24087, 34087 ఒకే రంగు కుటుంబం, మెరుపు మాత్రమే తేడా. రంగు అమ్మేవారిని ఆలివ్ కావాలని అడిగితే పది రకాలు చూపిస్తారు, సంఖ్య చెప్పి అడగండి.

సంఖ్య మాట వచ్చింది కాబట్టి, ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన విషయం ఇక్కడ చెప్పాలి. మొదటి రెండు నెలలు నేను విడిభాగాల కోసం ట్రైలరు పేరు చెప్పి వెతికాను. ఎం416 బేరింగు, ఎం416 సీలు అని వెతికితే పురాతన సైనిక వాహనాల భాగాలు అమ్మేవారే కనిపిస్తారు, ధర రెండు మూడింతలు ఉంటుంది. తర్వాత టీఎం 9-2330-251-14 అనే సైనిక మాన్యువల్ దొరికింది. ఇవి ప్రభుత్వ ప్రచురణలు కాబట్టి కాపీరైటు లేదు, పీడీఎఫ్ రూపంలో ఉచితంగా దింపుకోవచ్చు. ఇలాంటి మాన్యువళ్ల భాగాల పట్టికల్లో ప్రతి భాగానికీ బొమ్మ, 13 అంకెల నేషనల్ స్టాక్ నంబరు, తయారీదారు సంకేతం, తయారీదారు సొంత సంఖ్య ఉంటాయి. స్టాక్ నంబరులో మొదటి నాలుగు అంకెలు వస్తువు తరగతిని చెబుతాయి: 2330 ట్రైలర్లు, 2510 బాడీ, ఫ్రేము భాగాలు, 2530 బ్రేకు, ఇరుసు, చక్రాల భాగాలు, 3110 బేరింగులు, 5330 సీళ్లు, గాస్కెట్లు, 6220 వాహనాల దీపాలు. తర్వాతి రెండు అంకెలు ఏ దేశం ఆ సంఖ్యను ఇచ్చిందో చెబుతాయి, 00 గాని 01 గాని ఉంటే అమెరికా. చివరి ఏడు అంకెలు ఆ వస్తువువి. తయారీదారు సంకేతం ఐదు అక్షరాల కేజ్ కోడ్. దాన్ని బట్టి అసలు ఆ బేరింగును ఏ కంపెనీ చేసిందో, ఆ కంపెనీ తన కేటలాగులో దానికి ఏ సంఖ్య ఇచ్చిందో తెలుస్తుంది. ఆ సంఖ్యతో వీధి చివరి బేరింగుల దుకాణానికి వెళ్తే సైన్యం మాట ఎత్తకుండానే పని అయిపోతుంది.

చక్రాల బేరింగుల విషయంలో సరిగ్గా అదే జరిగింది. పాత బేరింగుల లోపలి కోను మీద, బయటి కప్పు మీద చెక్కిన సంఖ్యలు కిరసనాయిలుతో కడిగాక స్పష్టంగా కనిపించాయి. వాటిని కాగితం మీద రాసుకుని వెళ్తే కౌంటరులోని పెద్దాయన పది నిమిషాల్లో రెండు చక్రాలకూ కొత్తవి తెచ్చి పెట్టారు, మొత్తం 60 డాలర్ల లోపే. అవే బేరింగులను సైనిక భాగాలమ్మే ఒక వెబ్‌సైటులో 140 డాలర్లకు చూశాను. ఆయిల్ సీళ్ల దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నాను. వాడని పాత సైనిక నిల్వ అని ఒక అమ్మకందారు మైనపు కాగితంలో చుట్టిన సీళ్లు పంపాడు, లేబులు చూసి ఎంతో సంతోషించాను. రబ్బరు భాగాల పొట్లం మీద ఆ రబ్బరు ఎప్పుడు తయారైందో సంవత్సరం, త్రైమాసికంతో సహా ముద్రిస్తారు. నాకు వచ్చినవాటి మీద 1979 ఉంది. వేలితో వంచితే అంచు చిట్లింది. లోహపు భాగం నలభై ఏళ్లు పెట్టెలో ఉన్నా పరవాలేదు, గ్రీజు చుట్టి ఉంటే ఇంకా మంచిది. రబ్బరు మాత్రం కొత్తదే కొనాలి. ఆ అమ్మకందారు డబ్బు వెనక్కి ఇచ్చాడు, తపాలా ఖర్చు మాత్రం నాదే అయింది.

కమాను కట్టలను లారీల కమాన్లు చేసే స్థానిక దుకాణానికి తీసుకువెళ్లాను. వారు పట్టీలు విడదీసి శుభ్రం చేసి, ఒక విరిగిన పట్టీ స్థానంలో కొత్తది కోసి, బుష్షులు మార్చారు. యూ బోల్టులను అక్కడికక్కడే కొలత తీసుకుని వంచి ఇచ్చారు. ఇలాంటి దుకాణాలు అమెరికాలో ప్రతి పెద్ద ఊళ్లో ఉన్నాయి, మన ఆటోనగర్‌లో ఉన్నట్టే. కొత్తగా వచ్చినవారు ఇంటర్నెట్‌లోనే వెతికి వీరిని మరిచిపోతారు, నేనూ మొదట మరిచిపోయాను. చక్రాల నట్లు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త: జీపు కుటుంబపు పాత బండ్లలో ఎడమ వైపు చక్రానికి ఎదురు మర ఉంటుంది, బోల్టు చివర ఎల్ అనే అక్షరం కనిపించిందంటే విప్పడానికి పానాను మామూలుకు ఎదురు వైపు తిప్పాలి. బలం పెట్టి బోల్టు విరిచేసుకునే ముందు ఒక్కసారి చూసుకోండి.

చక్రాల బోల్టుల అమరిక ఈ ట్రైలరుకున్న పెద్ద సుఖం. ఐదు బోల్టులు, 5.5 అంగుళాల వలయం. అంటే 139.7 మిల్లీమీటర్లు. పాత సీజే జీపులకు, 1990ల నడుమ దాకా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150లకు ఇదే అమరిక, మన దేశంలో మహీంద్రా జీపులకు, మారుతి జిప్సీకి కూడా ఇదే. లాగే బండికీ ట్రైలరుకూ ఒకే స్టెప్నీ సరిపోయేలా చేసుకోవచ్చు. సైన్యం కూడా ఒకప్పుడు జీపుకూ దాని ట్రైలరుకూ అదే ఉద్దేశంతో చక్రాలు కలిపింది. అసలు టైరు 7.00-16, ఎటు తిప్పినా ఒకే రకంగా పట్టే సైనిక నమూనా గాడులతో ఉంటుంది. ఆ టైర్లు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, చూడటానికి అందంగా ఉంటాయి. కానీ నేను ప్రదర్శనల కోసం కొనలేదు కాబట్టి వాటిని అమ్మేసి మామూలు రేడియల్ టైర్లు వేశాను. రోడ్డు మీద హోరు తగ్గింది, తడి రోడ్డు మీద నమ్మకం పెరిగింది.

విద్యుత్తు పని చాలామందిని భయపెడుతుంది, నిజానికి అది రెండు సాయంత్రాల పని. సైనిక వాహనాలు 24 వోల్టులు, మన బండ్లు 12 వోల్టులు. సైనిక ప్లగ్గుకు 12 పిన్నులు, మన చిన్న ట్రైలరు ప్లగ్గుకు నాలుగు. ప్రతి తీగకూ చిన్న రేకు ముక్క మీద సంఖ్య కొట్టి ఉంటుంది. నా ట్రైలరుకు ఉన్న తర్వాతి కాలపు దీపాల్లో 21 వెనుక దీపం, 22-460 ఎడమ ఆపు, మలుపు దీపం, 22-461 కుడిది, 90 ఎర్త్. నాలుగు పిన్నుల ప్లగ్గులో వీటిని వరుసగా గోధుమ, పసుపు, ఆకుపచ్చ, తెలుపు తీగలకు కలిపితే సరిపోతుంది. 23, 24 సంఖ్యల తీగలు శత్రువుకు కనపడకుండా నడిపే చీకటి దీపాలవి, వాటి చివరలకు టేపు చుట్టి వదిలేశాను. 24 వోల్టుల 1683 బల్బు తీసి అదే అడుగు గల 12 వోల్టుల 1156 బల్బు పెట్టాను. దీపాల గుళ్లలోని రబ్బరు గాస్కెట్లు తప్పక మార్చండి, నీరు చేరేది అక్కడే. తీగలు కలిపే రబ్బరు కనెక్టర్లు పగలకపోతే వాటిని ఉంచండి, ఇప్పటి బజారు సామాను కంటే అవి మేలు.

ముందుండే ఇనుప కడియాన్ని లునెట్ అంటారు, లాగే బండికి పింటిల్ అనే పెద్ద కొక్కెం ఉండాలి. చాలామంది కడియాన్ని కోసేసి మామూలు బంతి జోడింపు పెట్టిస్తారు. దయచేసి అలా చేయకండి. గుంతల దారిలో బంతి జోడింపు కంటే కడియం ఎక్కువ కోణాల్లో తిరుగుతుంది, బండి పక్కకు ఒరిగినా విరగదు. మీ బండి వెనుక రెండు అంగుళాల రిసీవరు, అంటే కొక్కెం దూర్చే చతురస్రపు గొట్టం, ఉంటే అందులో దూర్చే పింటిల్ కొక్కేలు వ్యవసాయ సామాను దుకాణాల్లో కొత్తవే దొరుకుతాయి. చప్పుడు మాత్రం భరించాలి. ఖాళీ ట్రైలరుతో వెళ్తుంటే కడియం కొక్కెంలో టకటకమంటూనే ఉంటుంది. కడియం లోపలి వైపు అరిగిన చోట పగుళ్లున్నాయేమో రంగు ద్రావణంతో పరీక్షించుకుని గాని రోడ్డెక్కకండి.

విడిభాగాలు అమ్మేవారిలో నాకు ఎదురైనవారిని గురించి పేర్లు లేకుండా చెబుతాను. మంచి అమ్మకందారుకు ఒక గుర్తు ఉంది: మీరు స్టాక్ నంబరు చెప్పగానే ఏ నమూనాకు సరిపోతుందో, ఏది సరిపోదో అతడే చెబుతాడు. పెన్సిల్వేనియాలోని ఒక చిన్న దుకాణదారు నేను అడిగిన చేతి బ్రేకు తీగ తన దగ్గర ఉన్నా, అది ఇంకా పెద్దదైన ఎం101 ట్రైలరుదని, నాకు పనికిరాదని చెప్పి అమ్మలేదు. ఆ తర్వాత నేను కొన్న ప్రతిదీ ఆయన దగ్గరే కొన్నాను. ఇంకొకచోట కొత్త తొట్టి మూల రేకులు అని ఫొటో పెట్టి, వంకరగా వంచిన పలుచని రేకులు పంపారు. రంధ్రాలు అర అంగుళం పక్కకు ఉన్నాయి. వెనక్కి తీసుకోమంటే పునరుత్పత్తి భాగాలకు, అంటే పాతవాటి నమూనాలో కొత్తగా చేసినవాటికి, వాపసు లేదన్నారు. జీపుల పునరుత్పత్తి భాగాల్లో చాలా మటుకు భారతదేశంలో తయారైనవే. మన దేశంలో 1940ల చివరి నుంచి జీపులు తయారవుతున్నాయి, ఆ నైపుణ్యం అక్కడ నిజంగా ఉంది. అచ్చంగా సరిపోయిన భాగాలు కూడా నాకు మన దేశం నుంచే వచ్చాయి. కనుక ఏ దేశానిదని అడగడం కంటే, రేకు మందం ఎంత, రంధ్రాల కొలత ఎంత అని అడిగి, స్కేలు పెట్టి తీసిన ఫొటో పంపమనండి. పంపనివారి దగ్గర కొనకండి.

తొట్టి అడుగు రేకు మాత్రం ఎవరి దగ్గరా నాకు మనసుకు నచ్చేలా దొరకలేదు. పాత అడుగు మీది గట్ల కొలతలు అట్టముక్క మీద దించుకుని, రేకు వంచే వర్క్‌షాపులో అదే మందం రేకు మీద గట్లు ఒత్తించాను. దానికి 310 డాలర్లు అయింది, అంటే బేరింగులు, సీళ్లు, బల్బులు అన్నిటికీ కలిపి పెట్టిన దానికంటే ఎక్కువ. విస్కాన్సిన్ రాష్ట్రం వైపు వెళ్లేవారికి ఒక సూచన: అయోలా పట్టణంలో వేసవిలో సైనిక వాహనాల ప్రదర్శన, విడిభాగాల సంత జరుగుతాయి. ఫొటోలో తెలియని తుప్పు అక్కడ చేతికి తెలుస్తుంది. మిలిటరీ వెహికల్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ సభ్యత్వం కూడా తీసుకున్నాను; వారి పత్రికలోని అమ్మకపు ప్రకటనల ద్వారా దొరికిన చేతి బ్రేకు భాగాలు ఇంకెక్కడా నాకు కనపడలేదు.

వాడకం గురించి. మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులా అడవి దారుల్లో 400 పౌండ్ల సామానుతో మూడు యాత్రలు చేశాను. చక్రాలు పెద్దవి, నేలకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి జీపు ఎక్కడికి వెళ్తే ఇదీ అక్కడికి వస్తుంది. హైవే మీద నేను 55 మైళ్లు దాటను, సొంత బ్రేకులు లేని బండితో తొందర పనికిరాదు. ఖాళీగా ఉన్నప్పుడు కమాన్లు బిగుసుగా ఉండి గుంతల్లో ఎగురుతుంది, బరువు పడ్డాక కుదుటపడుతుంది. తలుపు లేకపోవడం అన్నిటికంటే ఎక్కువగా విసిగించే లోపం. మట్టి పోస్తే పారతో పైకి ఎత్తి తోడాలి. వెనుక రేకు కోసి తలుపు పెట్టించుకున్నవారిని చూశాను. తొట్టి బలమంతా ఆ చుట్టు అంచులోనే ఉంది కాబట్టి కోసిన కొన్నాళ్లకు పక్కలు వాలుతున్నాయి. వర్షం పడ్డ రోజు ప్లగ్గులు విప్పడం మరిచిపోతే తెల్లారేసరికి తొట్టి నిండా నీళ్లుంటాయి, తేలడానికి చేసిన పెట్టె నీళ్లను దాచడంలోనూ అంతే గట్టిది. చలికాలంలో మిషిగన్ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ నాలుగు నెలలు నేను దీన్ని బయటికి తీయను.

వారానికోసారి హార్డ్‌వేర్ దుకాణం నుంచి చెక్క తెచ్చుకోవడానికి ట్రైలరు కావాలనుకునేవారికి ఇది తగదు. కొత్త అల్యూమినియం ట్రైలరు తేలిక, తలుపు ఉంటుంది, మరమ్మతు ఉండదు. పెద్ద బరువులు కావాలంటే ముప్పావు టన్ను ఎం101 చూడండి, దానికి వెనుక తలుపు కూడా ఉంది. చేతికి గ్రీజు అంటినా సరే అనుకుని, ముప్పై ఏళ్లు నిలిచే జీపు తోడు కావాలనుకునేవారికి మాత్రం ఎం416 కంటే మంచిది నాకు తెలియదు. కొనుగోలు 900, మరమ్మతు సుమారు 1,450 డాలర్లు, మొత్తం 2,350 అయింది. సుత్తి ముందే పట్టుకెళ్లి ఉంటే అందులో ఆరేడు వందలు మిగిలేవి. ఇప్పుడు నాకు ఇంకా దొరకనిది ఒక్కటే, తొట్టి అంచు కొక్కేలకు తాళ్లతో కట్టే అసలు కాన్వాస్ పట్టా. పచ్చ టార్పాలిన్‌తో కప్పి నడుపుతున్నాను, అసలుది మాత్రం వచ్చే ఆగస్టులో అయోలా సంతలో మళ్లీ వెతుకుతాను.